కర్నూలు అటక మీది కత్తి: పిడి మనది, మరి అలుగు?

నమస్తే అండీ. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఉన్న ఒక ఇంట్లో ఉన్నాం. చాప మీద తెల్ల గుడ్డ, దాని మీద ఈ కత్తి. సెలవులకు ఊరొచ్చి అటక దులిపితే ఇట్లాంటిది చేతికొచ్చిన వాళ్ల కోసమే ఈ వీడియో.

మొట్టమొదట ఆ చింతపండు పక్కన పెట్టేయండి. ఆయుధపూజకు తోమినట్టు దీన్ని తోమకూడదు. పిడి మీద సన్నగా మెరిసే తీగలు కోఫ్త్‌గరీ పని. ఇనుము మీద అడ్డదిడ్డంగా గీతలు గీకి, బంగారు తీగను సుత్తితో అదిమి పట్టిస్తారు. పులుపు పెట్టి పీచుతో రుద్దారంటే పొరలుగా లేచిపోతుంది. నూలు గుడ్డకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పిడి చూసి కత్తి ఊరు చెప్పకూడదు. అలుగు అంటే కత్తి కోసే భాగం. దాని తోకను వేడి లక్కతో పిడిలో దింపుతారు కాబట్టి, అలుగు అరగకముందే పిడి మూడుసార్లు మారి ఉండొచ్చు. రెండింటినీ వేర్వేరుగా చదవాలి. పిడి లోపల పాత లక్క కాకుండా ఎపాక్సీ జిగురు కనిపిస్తే, ఈమధ్య ఎవరో అతికించారని అర్థం.

ఈ పిడి ఖాండా రకం. చేతికి అడ్డంగా వెడల్పు రేకు, కింద పళ్లెంలాంటి బిళ్ల, దాని నుంచి బయటికి ఒక మేకు. రెండో చెయ్యి వేసేది ఆ మేకు మీదే. అలుగేమో నిటారుగా 36 అంగుళాలు, ఒక్క వైపే పదును, పొడవునా తవ్విన మూడు గాళ్లు. మొదట్లో 5 మిల్లీమీటర్ల మందం, మొన దగ్గర 2. వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం ఉంటే రేకు కోసి చేసిన షోకేసు సరుకని గట్టిగా అనుమానించాలి.

కెమెరా కొంచెం దగ్గరికి. టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. పిడికి జానెడు దూరంలో ఏడెనిమిది ఉలి గాట్లు, వాటి సందుల్లో ఇత్తడి పసుపు. నాలుగు కాళ్లూ ఒక తోకా అని చెబితేనే జంతువనిపిస్తుంది. ఇది పరుగెత్తే తోడేలు. జర్మనీలో పస్సావు కమ్మరుల గుర్తు, తర్వాత జోలింగెన్ వాళ్లూ వేసుకున్నారు. మనకు ఫిరంగి అంటే తోపు. ఆయుధాలు తెలిసినవాళ్లకు అది కత్తి పేరు కూడా, పరంగివాళ్ల, అంటే యూరప్ వాళ్ల, అలుగుకు ఇక్కడి పిడి బిగించినది.

అయితే తోడేలు కనపడిందని జర్మనీ అనేయకండి. పేరున్న గుర్తును ఎవరైనా కొట్టుకుంటారు. ఇటలీలోని జెనోవా వాళ్ల గుర్తు, కనురెప్ప వెంట్రుకల్లాంటి పళ్లున్న కొడవళ్ల జతను, కాకసస్ కొండల నుంచి మన దాకా అందరూ నకలు కొట్టారు. నూనె రాసి వెలుతుర్లో తిప్పినప్పుడు నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే అది మన వైపు మూసలో కరిగించి చేసిన ఉక్కు, తోడేలు నకలు. చారలు లేనంత మాత్రాన విదేశీ అని కాదు, తుప్పు కిందా దాక్కోవచ్చు. గుర్తు సగమే కనిపిస్తే మిగతాది పిడి నుంచి అలుగు మీదికి దిగిన పట్టీల కింద ఉంటుంది. ఆ రివెట్లు మాత్రం పీకొద్దు.

మన జిల్లావాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. 1680ల చివర్లో ఆదోని మొగలుల చేతికి పోయినప్పుడు ఇక్కడి ఆయుధాలు రాజస్థాన్‌లోని బికనీర్ ఆయుధాగారానికి చేరాయి. అక్కడ వాటి మీద చుక్కలతో నాగరి అక్షరాలు పొడిచారు. అట్లాంటి చుక్కల రాత కనిపిస్తే వెంటనే రాజస్థాన్ పని అనకండి. అది ఆదోని కోటలోంచి పోయినది కావచ్చు.

ఇక డల్లాస్‌కో సిడ్నీకో పట్టుకెళ్లే ఆలోచన ఉంటే, మానుకోండి. 100 ఏళ్లు దాటినవి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఫోటోలు తీసుకెళ్లండి: మొత్తం కత్తి, రెండు వైపులా గుర్తు, వెన్ను, పిడి లోపలి వైపు, పక్కన స్కేలు పెట్టి.

తోలు ఒరలో మళ్లీ దూర్చొద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డ చుట్టి చెక్కపెట్టెలో పెట్టండి, ఒరను పక్కన విడిగా.