ప్లేటు లోపలి మెరుపు

శ్రోతలకు నమస్కారం.

మొన్న నెల్లూరులో మా పిన్ని గడప తట్టుకుని పడింది. చెయ్యి వాచిపోతే చెన్నై తీసుకొచ్చి, కోడంబాక్కంలో మా వీధి చివరి స్కాన్ సెంటర్లో ఎక్స్‌రే తీయించాను. అక్కడి కుర్రాడూ మనవాడే. పలకలాంటి నల్లటి ప్లేటు చూపించి, "మణికట్టు పూర్తిగా ఆనించండి పెద్దమ్మా" అంటాడు. ఆనితేగా! పంటి బిగువున ఎలాగో ఆనించింది. క్షణంలో "అయిపోయింది" అన్నాడు.

"అదేంటి నాయనా, మెరుపేమీ రాలేదే?"

"వచ్చింది పెద్దమ్మా, ప్లేటు లోపల వచ్చింది."

నవ్వుతూ అన్నా, అతను చెప్పింది నిజమే. ఎక్స్‌రే కంటికి కనపడదు. మామూలు కెమెరా సెన్సర్‌కు చిక్కకుండా చాలావరకు దూసుకుపోతుంది. దాన్ని పట్టి వెలుగుగా మార్చే పొర ఒకటి కావాలి. 1895 నవంబర్‌లో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఈ కిరణాలను పసిగట్టింది కూడా చీకటి గదిలో రసాయనం పూసిన తెర ఒకటి మిలమిలలాడితేనే.

ఇప్పటి ప్లేట్లు చాలావాటిలో గెడోలినియం సమ్మేళనం ఉంటుంది, అందులో చిటికెడు టెర్బియం. గెడోలినియం బరువైన పరమాణువు, ఎక్స్‌రేను ఆపుతుంది. టెర్బియం ఆకుపచ్చగా వెలుగుతుంది. రెండూ రేర్ ఎర్త్ అనే లోహాల కుటుంబమే. ఆ కుటుంబానికి 'రేర్' అన్నది పేరుకే. మన భీమిలి ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలోనూ ఉంది, టెర్బియం వాటా మాత్రం బహు స్వల్పం.

చిక్కేమిటంటే, ప్లేటులో ఆ సమ్మేళనం పొడిగా ఉంటుంది. ఈ పొడిలో వెలుగు రేణువు రేణువుకీ తగిలి చెదురుతుంది, బొమ్మ అంచులు మసకబారతాయి. అందుకే పరిశోధకులు హైబ్రిడ్ పదార్థాల మీద పడ్డారు. టెర్బియం లేదా అదే కుటుంబంలోని యూరోపియం చుట్టూ కర్బన అణువులను అమర్చి, పారదర్శకమైన ప్లాస్టిక్‌లో కలిపి, వంగే ఫిల్ముగా తీస్తారు. నాకు బాగా నచ్చింది ఆ కర్బన అణువుల పనే. టెర్బియం సన్నమూతి సీసాలాంటిది. శక్తిని నేరుగా పోస్తే లోపలికి దిగేది తక్కువ, ఒలికేది ఎక్కువ. కర్బన అణువు గరాటు. ఎక్స్‌రే తగిలి బరువైన పరమాణువులోంచి ఎలక్ట్రాన్లు చిందుతాయి, ఆ శక్తిని గరాటు పట్టి టెర్బియంలోకి దించుతుంది. అప్పుడు దాదాపు 545 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆకుపచ్చటి వెలుగు. యూరోపియమైతే ఎరుపు.

ఇక్కడా ఒక దొంగ ఉన్నాడు, నీళ్లు. టెర్బియంను అంటుకుని నీటి అణువుంటే ఆ శక్తిని లాగేసి వేడిగా మార్చేస్తుంది. మన చెన్నై ఉక్కపోతలో పనిచేయాలంటే గరాట్లు సందు లేకుండా కమ్ముకోవాలి. పైగా రేడియేషన్‌కు కర్బన అణువులే విరిగిపోతుంటాయి. అందుకే ఈ ఫిల్ములు చాలావరకు ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. వంగిన పైపు అతుకులకు చుట్టి, పగుళ్లు చూడాలని ఆశ.

పిన్నికి సన్నటి పగులే. కట్టు వేశారు. ఆరు వారాలయ్యాక మళ్లీ ఎక్స్‌రే తీయాలన్నారు. "ఈసారైనా ఆ పలకనే నా చేతి దగ్గరికి వంచమను" అంటోంది.