రాగి సంగటి పెట్టొచ్చా మేడమ్?

(మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం తిరుపతిలో ఒక డైటీషియన్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పుత్తూరు, పీలేరు, పలమనేరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. కొందరి ఒళ్ళో పిల్లలు నిద్రపోతున్నారు, అందుకే మైకు సౌండు తగ్గించమన్నాను. వెనక వాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి.

ఫిట్స్ తగ్గించడానికి పెట్టే కీటో డైట్ అనగానే నా దగ్గరికొచ్చే తల్లులు ముందుగా అడిగేది ఒకటే: "రాగి సంగటి పెట్టొచ్చా మేడమ్?" మన వైపు సంగటంటే బలం. షుగరున్న పెద్దవాళ్ళు కూడా తింటున్నారు కదా అన్న ధైర్యం. కానీ వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. మరి ఈ డైట్‌లో ఉన్న చిన్నబిడ్డకి రోజు మొత్తానికి దొరికేది ఎంతో తెలుసా? పది గ్రాములు.

ఆ పది ఎలా వచ్చిందో చెప్తాను. రోజుకి 1000 క్యాలరీలు కావాల్సిన బిడ్డ అనుకుందాం. క్లాసిక్ పద్ధతిలో నాలుగు గ్రాముల కొవ్వుకి, మాంసకృత్తులూ పిండిపదార్థమూ రెండూ కలిపి ఒక్క గ్రాము. అంటే కొవ్వు 100 గ్రాములు, మిగతా రెండూ కలిపి 25. బిడ్డ ఎదగాలి కాబట్టి అందులో 15 మాంసకృత్తులకి పోతే, మిగిలేది పది. చక్కెర లెక్కలో రెండు టీస్పూన్లు. అన్నమైతే ఒక్క ముద్ద. ఇంత కొవ్వు, ఇంత తక్కువ పిండిపదార్థం ఇస్తే ఒళ్ళు గ్లూకోజు వదిలి కొవ్వును కాలుస్తుంది. అప్పుడు లివర్‌లో కీటోన్లు తయారవుతాయి, మెదడు వాటితో నడుస్తుంది. ఫిట్స్ ఎందుకు తగ్గుతాయన్నదానికి పూర్తి జవాబు ఇంకా సైన్సు దగ్గర లేదు. తగ్గుతాయన్నది మాత్రం వందేళ్ళుగా చూస్తున్నదే.

అవును, వందేళ్ళు. ఉపవాసముంటే ఫిట్స్ ఆగుతాయని పూర్వం నుంచీ తెలుసు. ఎన్నాళ్ళని పస్తుపెడతాం? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు, తింటూనే ఉపవాసం ఫలితం వచ్చేలా ఈ డైట్ సూచించారు. 1938లో ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందు వచ్చింది. మాత్ర మింగడం సులువు కదా, డైట్ మూలకి పోయింది. 1990ల్లో మళ్ళీ బయటికొచ్చింది.

ఫిట్స్ వచ్చే ప్రతి బిడ్డకీ ఇది అక్కర్లేదు. ఎక్కువమందికి మాత్రలతోనే సరిపోతుంది. సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఆగని వాళ్ళు దాదాపు మూడో వంతు ఉంటారు. వాళ్ళకోసం ఇది. గ్లూట్-1 లోపం అని ఒకటుంది, అందులో రక్తంలోని గ్లూకోజు మెదడుకి సరిగా చేరదు. ఆ పిల్లలకైతే ఇదే మొదటి వైద్యం. ఇంకొందరికి ఇదే ప్రమాదం. పుట్టుకతోనే కొవ్వును శక్తిగా మార్చుకోలేని పిల్లలుంటారు, వాళ్ళకి మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు రక్తపరీక్షలు చేయిస్తాం. ఒళ్ళు తగ్గడానికి కొబ్బరినూనె తాగే డైట్ యూట్యూబ్‌లో చూసి బిడ్డకి మొదలుపెట్టిన నాన్నగారొకరు నా దగ్గరికొచ్చారు. ఆయన మీద కోప్పడాలో, ఆ ఆరాటానికి దండం పెట్టాలో తెలియలేదు. పరీక్షలు అయ్యేదాకా ఆపించాను.

ఫలితం ఎంత అంటారా? ఇంగ్లండులో 145 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2008లో వచ్చింది. మూడు నెలల డైట్ తర్వాత 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. డైట్ లేనివాళ్ళలో అలా తగ్గింది 6 శాతానికే. ఢిల్లీ ఎయిమ్స్‌లో కొంచెం సడలించిన మోడిఫైడ్ అట్కిన్స్ పద్ధతి పెట్టి చూశారు. అందులో పిండిపదార్థానికే పరిమితి, మాంసకృత్తులకి తూకం లేదు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో సగం మందికి పైగా పిల్లలకి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మన ఇళ్ళకి ఇదే నడుస్తుందని నా అభిప్రాయం. నెయ్యిలో వేసిన ఆమ్లెట్, పన్నీరు, మీగడ, ఆకుకూర, కొబ్బరి, కొలిచిన ఊరిబిండి పచ్చడి. శెనక్కాయలు మన పంటే అయినా గుప్పిట్లతో తినేది లేదు, వాటిలోనూ పిండిపదార్థం ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నా దగ్గర ఒక ఆరేళ్ళ బాబు ఉండేవాడు. వాళ్ళమ్మ గ్రాముల తూకం కొనుక్కుని బంగారం తూచినంత శ్రద్ధగా వాడేది. రోజూ యూరిన్ స్ట్రిప్ ముంచి, రంగు చూసి నోటుబుక్కులో రాసేది. ముదురు వంకాయరంగు వస్తే కీటోన్లు బాగున్నట్టు. పుస్తకం తిప్పుతుంటే ఒకటి కనబడింది: అన్నిరోజులూ ముదురే, శనివారం సాయంత్రాలు మాత్రం లేత గులాబీ. ఆదివారం ఫిట్స్. అమ్మ ఏడుపు ముఖం పెట్టి, "నేనేం తప్పు చేయలేదు మేడమ్" అంది. పక్కనున్న అవ్వ కొంగు సర్దుకుంటోంది. శనివారం గుడికెళ్ళి, కలకండ పలుకులు రెండు కొంగున కట్టుకొచ్చి మనవడి నోట్లో పెట్టేది ఆమే. "అది ప్రసాదం కదమ్మా, అది కూడా తిండేనా?" అని అడిగింది.

ఆ అవ్వకి నేనేం చెప్పను? తిరుపతిలో కూర్చుని ప్రసాదం వద్దనే నోరు నాకు లేదు. గుడిలో కొట్టిన కొబ్బరికాయలో చిన్న ముక్క తెమ్మన్నాను, దాన్ని ఆ పూట లెక్కలో వేశాం. తర్వాత శనివారం ఆ ముక్కని తూకంలో పెట్టింది ఆ అవ్వే. శనివారాలూ వంకాయరంగుకి వచ్చేశాయి.

ఇలాంటివే ఇంకొన్ని చిల్లులు ఉంటాయి. దగ్గు సిరప్‌లో చక్కెర ఉంటుంది, షాపతన్ని చక్కెర లేనిది అడగండి. జ్వరమొచ్చి క్యాజువాల్టీకి వెళ్తే అలవాటుగా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. బిడ్డ కీటో డైట్‌లో ఉన్నాడని రాసిన కార్డు జేబులో ఉంచండి. చూపించండి, షుగర్ పడిపోయిందేమో చూశాక డాక్టరే నిర్ణయిస్తారు. బళ్ళో టీచరుకీ చెప్పండి, మధ్యాహ్న భోజనం ప్లేటు వాళ్ళ చేతిలోదే.

కష్టాలు దాచను. మలబద్ధకం చాలామందికి వస్తుంది. కొందరికి వాంతులు, కొలెస్ట్రాల్ పెరగడం, ఎదుగుదల నెమ్మదించడం ఉంటుంది. కొద్దిమందికి కిడ్నీలో రాళ్ళు. టోపిరమేట్ అనే ఫిట్స్ మందు కూడా వాడుతుంటే ఇంకాస్త జాగ్రత్త. మే నెలలో మన ఎండలకి నీళ్ళు ఎక్కువ తాగించాలి. కాల్షియం, విటమిన్లు తప్పనిసరి. ఖర్చూ ఉంటుంది: నెయ్యి, స్ట్రిప్పులు, పరీక్షలు. ఇంట్లో సాయం లేక, కూలికెళ్ళొచ్చి ఒంటరిగా వండుకునే తల్లికి ఒకసారి నేనే వద్దన్నాను. ఆ నిర్ణయం తప్పేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడు నెలలు చూస్తాం. పని చేయకపోతే ఆపేస్తాం, అందులో మీ లోపం ఏమీ ఉండదు. పని చేస్తే మామూలుగా రెండేళ్ళు, తర్వాత మెల్లగా తగ్గిస్తాం. ఈలోగా డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానొద్దు, డైట్ కూడా ఒక్కసారిగా ఆపొద్దు.

ఈసారి వచ్చేటప్పుడు వంట చేసేవాళ్ళతో పాటు, ఇంట్లో బిడ్డకి చాటుగా చిరుతిండి పెట్టేవాళ్ళనీ తీసుకురండి. ఎవరో మీకు తెలుసు. అదిగో, నాలుగో వరసలో ఒక అవ్వ అప్పుడే నవ్వుతోంది. ఇక అడగండి, సంగటి గురించి తప్ప.