నాగార్జునకొండ వెళ్తున్నారా? మ్యూజియంలో ముందు ఆ లోయ నమూనా చూడండి

[లాంచీ మీంచి షాట్. నీళ్ళు, దూరంగా కొండ. ఇంజన్ చప్పుడు కాసేపు అలాగే ఉంచాలి.]

నమస్కారం అండి. పోయిన ఆదివారం సాగర్ లాంచీలో నా వెనక సీట్లో ఒకాయన వాళ్ళ పాపకి చెప్తున్నారు. "చూడమ్మా, ఆ రోజుల్లో ఇంజన్లు కూడా లేవు. తెడ్లు వేసుకుంటూ ఈ దీవికి రాళ్ళు మోసుకొచ్చి స్తూపాలు కట్టారు." పాప కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. అంత ప్రేమగా చెప్తున్న మనిషిని మధ్యలో ఆపడానికి నాకు మనసొప్పలేదు. కానీ ఈ మాట నేను ఇప్పటికి చాలాసార్లు విన్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు కూడా "దీవి బాగుంది, నాలుగు రాళ్ళున్నాయి, గంటలో అయిపోయింది" అంటారు. అది వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ వీడియో.

సూటిగా చెప్తాను. ఆ స్తూపాలు కట్టినవాళ్ళ కాలంలో అక్కడ దీవి లేదు. నీళ్ళూ లేవు. మనం లాంచీలో కూర్చుని కురకురే తింటూ దాటేది ఒక లోయ. చుట్టూ కొండలు, ఒక పక్కన కృష్ణ, మధ్యలో ఊరు. ఆ ఊరి పేరు విజయపురి. శాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. ఇప్పుడు మనం దిగేది ఆ ఊరి పక్కనుండే కొండ నెత్తి మీద. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టాక లోయంతా నిండి, కొండకొన మాత్రం పైకి మిగిలింది. దాన్నే మనం దీవి అంటున్నాం.

మరి కొండ మీద ఈ స్తూపాలేంటి? ఇక్కడే నాకు ఇష్టమైన పోలిక ఒకటి చెప్తాను, వీడియో అయ్యేదాకా దీన్ని వదలను. మీరెప్పుడైనా ఇల్లు మారారా? మారే ఉంటారు. ఓనర్ ఫోన్ చేసి "నెలాఖరుకి ఖాళీ చేయండి" అన్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. అటకెక్కి చూస్తే మనకే తెలియని సామాన్లు బయటపడతాయి. నాగార్జునకొండలో జరిగింది అచ్చంగా అదే. కాకపోతే ఖాళీ చేయాల్సింది ఒక ఇల్లు కాదు, 1,700 ఏళ్ళనాటి రాజధాని.

[పాత నలుపు తెలుపు ఫోటోలు: లోయ, తవ్వకాలు.]

ఇక్కడ శిథిలాలున్నాయని 1926లో బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ అనే ఆయన తవ్వారు, కొన్నాళ్ళకి టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. తొందరేమీ లేదు, నింపాదిగా సాగింది. అంతలో సాగర్ ప్రాజెక్టు ఖాయమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ప్రాజెక్టు ఖాయమవడమే ఓనర్ ఫోన్ కాల్ అనుకోండి. లోయంతా ముంపు. ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా లోయని జల్లెడ పట్టింది. వందకు పైగా చోట్ల తవ్వారు. రాతియుగం పనిముట్లు, పెద్ద పెద్ద బండలు పేర్చిన సమాధులు, స్తూపాలు, భిక్షువులు ఉండే విహారాలు, గుళ్ళు, స్నానఘట్టాలు, మెట్లమెట్లుగా కూర్చునే ఆటస్థలం, అన్నీ బయటపడ్డాయి. చెప్పాను కదా, అటక.

ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని డ్యామ్ ముంపులో పోకుండా కోసి పైకి ఎత్తారని అందరం స్కూల్లో విన్నాం. ఆ పని జరిగింది 1964 నుంచి 1968 మధ్య. మనవాళ్ళు నాగార్జునకొండ తవ్వకాలు అంతకుముందే ముగించారు. ఈ సంగతి మన పిల్లల పుస్తకాల్లో ఎందుకు పెద్దగా కనపడదో నాకిప్పటికీ బాధే.

సరే, ఇల్లు మారేటప్పుడు సామాన్లని ఎలా విడదీస్తాం? కొన్ని మనతోపాటు తీసుకెళ్తాం. కొన్ని చుట్టాలింట్లో పెడతాం. కొన్ని మొయ్యలేం, ఫోటో తీసుకుని వదిలేస్తాం. గోడ మీద పిల్లల ఎత్తు గీసిన పెన్సిల్ గీతల్లాగ.

ఇక్కడా అంతే. మొదటి రకం, ముఖ్యమైన కట్టడాలు తొమ్మిదింటిని విప్పి, కొలతలు రాసుకుని, కొండ మీద మళ్ళీ పేర్చారు. మీరు దీవి మీద చూసే సింహవిహారం, స్నానఘట్టం ఇలా వచ్చినవే. రెండో రకం, చుట్టాలింటికి పంపినవి. అవి ఒడ్డునే అనుపు అనే చోట ఉన్నాయి. ఆ మెట్ల ఆటస్థలం అక్కడే ఉంది. మూడో రకం, మొయ్యలేనివి. వాటికి చిన్న నమూనాలు చేసి పెట్టారు. దీవి మీద కట్టడాల మధ్య తిరుగుతూ "ఇదేంటి, బొమ్మలా ఇంత చిన్నగా ఉంది?" అని మీకు అనిపించినవన్నీ ఇవే. అవి మనం తీసుకున్న ఫోటోలు. అసలువి నీళ్ళ కింద ఉన్నాయి.

[స్నానఘట్టం మెట్లు, దగ్గరగా. చెయ్యి పెట్టి చూపించాలి.]

ఆ స్నానఘట్టం దగ్గర ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. పలనాటి సున్నపురాయి పలకలు, కొంచెం పచ్చదనం కలిసిన బూడిద రంగు. ఎండలో కాళ్ళు కాలతాయి, నీడ పడ్డచోట చల్లగా ఉంటాయి. అంచులు సూటిగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. ఇవి ఒకప్పుడు కింద నది ఒడ్డున ఉండేవి. ఇప్పుడు కొండ మీద, నీళ్ళు తగలకుండా ఉన్నాయి. స్నానాల రేవు పొడిగా ఉండి, ఊరు మునిగింది. నాకు అక్కడ కూర్చున్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇప్పుడు మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద స్తూపం. పైనుంచి చూస్తే బండి చక్రం. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు, బయట పట్టా, అన్నీ ఇటుక గోడలే. మధ్య ఖాళీల్లో మట్టి నింపేశారు. గట్టిదనానికి గట్టిదనం, ఇటుక ఆదా, పైగా ధర్మచక్రం. అడ్డంగా కొలిస్తే 106 అడుగులు. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టేవారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి ప్రసంగం, నిర్యాణం, ఈ ఐదింటికీ గుర్తుగా. ఇక్కడ దొరికిన ధాతువు, అంటే పవిత్ర అవశేషం, సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరింది. ఇల్లు మారేటప్పుడు దేవుడి పటాన్ని లారీలో వెయ్యం, ఒళ్ళో పెట్టుకుని వెళ్తాం కదా.

ఈ మహాచైత్యం కట్టించింది రాజు అనుకుంటున్నారా? శాంతిశ్రీ. రాజు వీరపురుషదత్తుడికి స్వయానా మేనత్త. ఇంకొక ఆవిడ బోధిశ్రీ, రాణి కాదు, ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే ఆవిడ. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (స్తూపం ఉండే ప్రార్థన మందిరం) కట్టించి, ఆ భిక్షువులు కశ్మీరం, గాంధారం, చీనా లాంటి దేశాల్లో ధర్మం చెప్పారని శాసనం వేయించింది. పలనాటి రాయి మీద చైనా పేరు! అన్నట్టు, వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళనే పెళ్ళాడాడు. ఆ సంగతీ శాసనాల్లోనే ఉంది. మేనరికం మనకి ఎప్పటిదో చూడండి.

[మ్యూజియం బయటి షాట్. లోపలి ఫోటోలకి అనుమతి ఉంటేనే వాడాలి.]

ఇక మ్యూజియం. దీవి మీదే, 1966 నుంచి ఉంది, భవనం కూడా బౌద్ధ విహారం తీరులోనే కట్టారు. లోపలికి వెళ్ళగానే అందరూ ఎత్తైన బుద్ధుడి దగ్గరకి వెళ్తారు. వెళ్ళండి, కానీ నా మాట విని ముందు ఒక పని చేయండి. మునిగిన లోయకి ఒక నమూనా చేసి పెట్టారు. అది ఎక్కడుందో సిబ్బందిని అడిగి నేరుగా దాని దగ్గరకి పోండి. కొండ ఏది, నది ఏది, మహాచైత్యం ఎక్కడుండేది, ఆటస్థలం ఎక్కడుండేది, పిల్లల చేత వేలు పెట్టి చూపించమనండి. పాత ఇంటి ప్లాన్ లాంటిది అది. వంటిల్లు ఎటో తెలిస్తేనే కదా ఈ గిన్నె ఎక్కడిదో అర్థమయ్యేది. ఇది చూడకుండా మిగతావి చూస్తే నిజంగానే "నాలుగు రాళ్ళు" అనిపిస్తాయి. తప్పు చూసేవాళ్ళది కాదు, చూసే వరుసది.

తర్వాత ఛాయాస్తంభాల కోసం వెతకండి. పోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు. ఛాయ అంటే నీడ, ఆ మనిషి రూపం. వీరపురుషదత్తుడి తండ్రి శాంతమూల మహారాజుకి ఆయన చెల్లెళ్ళు, రాణులు కలిసి వేయించిన స్తంభం ఉంది. శాసనాలు ఆయన్ని కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళు దానమిచ్చినవాడని పొగుడుతాయి. రాజులకే కాదండీ, యుద్ధంలో పడిపోయిన సైనికులకీ ఇలాంటి రాళ్ళున్నాయి. పల్నాడులో వీరుల్ని తలుచుకోవడం ఇవాళ మొదలైంది కాదు.

బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడా అని కామెంట్లలో అడుగుతారు, ముందే చెప్పేస్తున్నాను. ఇక్ష్వాకుల శాసనాల్లో విజయపురి ఉంది, ఈ కొండల పాత పేరు శ్రీపర్వతం ఉంది, ఆయన పేరు లేదు. ఆయనతో ముడిపెట్టేది తర్వాతి సంప్రదాయం. దీని మీద విడిగా ఒక వీడియో చేయాలి.

టైమ్ మించిపోతోంది, ప్రయాణం సంగతులు గబగబా చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊళ్ళ మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. గుంటూరు వైపు నుంచైతే పిడుగురాళ్ళ, మాచర్ల మీదుగా. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఇది రాసిపెట్టుకోండి. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. వెళ్ళడానికి ముప్పావు గంట పైనే. జనం చాలకపోతే కదలదు, గాలి ఎక్కువున్నా ఆపేస్తారు, కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి, పొద్దున్నే చేరండి. దిగగానే తిరుగు లాంచీ ఎన్నింటికో అడగండి. ఇది తెలియకపోతే మ్యూజియంలో ఉన్నంతసేపూ టెన్షనే. నీళ్ళ సీసా, టోపీ, పులిహోర డబ్బా తప్పనిసరి.

మధ్యాహ్నం అనుపు. ఆటస్థలం మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి వినండి. సమయం మిగిలితే ఎత్తిపోతల జలపాతం, సాగర్ నుంచి 11 కిలోమీటర్లు, వానలు పడ్డాకే బాగుంటుంది. తెలంగాణ ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్క్ ఉంది, కానీ అన్నీ ఒకే రోజు పెట్టుకోకండి, పిల్లలు అలసిపోతారు. ఇలాగే ఇల్లు మారిన గుడి ఇంకొకటి అలంపురంలో ఉంది. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అక్కడ మళ్ళీ కట్టారు. అది ఇంకో ఆదివారం.

[తిరుగు లాంచీ. సాయంత్రం వెలుగు.]

తిరుగు ప్రయాణంలో ఫోన్ పక్కన పెట్టి కాసేపు నీళ్ళలోకి చూడండి. ఏమీ కనపడదు. మీ పిల్లల్ని మాత్రం అడగండి, ఇప్పుడు మన లాంచీ కింద ఏముందో. నమూనా చూసొచ్చిన పిల్లలు చెప్పేస్తారు.