నవల సగంలో ఆగిపోయినప్పుడు

[తెరపై: గుంటూరు బ్రాడీపేటలో ఒక డాబా మీది గది. బల్ల మీద గీతల నోటు పుస్తకం, పక్కన మూత తీసిన కలం.]

నమస్కారం. నవల మొదలుపెట్టి యాభై అరవై పేజీల తరువాత పక్కన పెట్టేసినవారు మనలో చాలామందే ఉన్నారు. విజయవాడ పుస్తక మహోత్సవంలో ఏ దుకాణం ముందైనా కాసేపు నిలబడితే, "నేనూ ఒకటి మొదలుపెట్టానండీ, సగంలో ఉండిపోయింది" అనే మాట తప్పకుండా చెవిన పడుతుంది. అలా ఆగిపోయినప్పుడు మన బద్ధకాన్ని తిట్టుకుంటాం, లేదా మనకు ప్రతిభ లేదని తేల్చేసుకుంటాం. నా అనుభవంలో అసలు కారణం వేరు. రాయాలనే కోరిక సన్నగిల్లడానికి చాలా ముందే, కథలో తరువాత ఏం జరగాలో మనకు తెలియకుండా పోతుంది. దారి తెలియని చోటికి రోజూ వెళ్లి కూర్చోవడం ఎవరికైనా భారమే.

నేను రాస్తున్నది మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక తల్లీకూతుళ్ల కథ. అది 112వ పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ తరువాత రెండు నెలల పాటు నేను మొదటి అధ్యాయాన్ని దిద్దుతూ కూర్చున్నాను. దిద్దుతున్నంతసేపూ పని సాగుతున్నట్టే అనిపించేది కాబట్టి నన్ను నేను మోసం చేసుకుంటున్నానని గ్రహించడానికి అంత కాలం పట్టింది. మొదటి అధ్యాయం ఎంత నునుపు తేలినా, 113వ పేజీలో ఏం రాయాలో అది చెప్పదు. మొదటి ప్రతి పూర్తయ్యే వరకు వెనక్కి వెళ్లి దిద్దకూడదని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

[తెరపై: మిర్చి యార్డు, టిక్కీల (మిర్చి బస్తాల) వరుసలు, తెల్లవారుజాము.]

చివరికి మార్చిలో ఒక రోజు, సరుకు ముమ్మరంగా వచ్చే కాలంలో, యార్డు వైపు వెళ్లాను. గేటు దాటకముందే ఘాటు గొంతుకు అడ్డం పడింది. దగ్గరలోని ఒక గోదాములో కొందరు ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకుని, కాయల కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తుంచుతున్నారు. వారిలో ఒకామె పని ఆపి, మోచేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుంది. ఆ వేళ్లతో కన్ను ముట్టుకోకూడదన్న సంగతి ఆమె చేతికే తెలిసినంత అలవాటుగా జరిగిపోయిందా పని. సాయంత్రం ఇంటికి వెళ్లాక ఈమె చంటిబిడ్డను ఏ చేతులతో ఎత్తుకుంటుంది, ఎన్నిసార్లు కడుక్కుంటే ఆ మంట పోతుంది అన్న ప్రశ్న అక్కడే నిలబడి ఉండగా నాకు కలిగింది. 113వ పేజీ ఆ ప్రశ్నతోనే మొదలైంది. రెండు నెలలుగా గదిలో కూర్చుని నేను వెతుకుతున్న ఉత్సాహం నిజానికి ఆ మోచేతి దగ్గర ఉంది. కథ ఆగినప్పుడు కథలోని మనుషులు పనిచేసే చోటికి వెళ్లి, నోరు మూసుకుని చూడటం కంటే మంచి మందు నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఒక చిన్న పద్ధతి పాటిస్తున్నాను. ఉదయం రాత ముగించేటప్పుడు వాక్యాన్ని పూర్తి చేయను. "ఆమె తలుపు గొళ్లెం తీసేసరికి లోపల" అని రాసి, లోపల ఏముందో నాకు తెలిసి ఉండగానే, కలం మూత పెట్టేస్తాను. మరునాడు ఆ సగం వాక్యం నన్ను కూర్చోబెడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. తరువాతి మాట ముందే సిద్ధంగా ఉంటే మొదటి పది నిమిషాల జంకు ఉండదు, ఆ పది నిమిషాలు దాటితే చేయి దానంతట అదే సాగుతుంది.

[తెరపై: పాత వారపత్రికల కట్టలు.]

విశ్వనాథ సత్యనారాయణ గారు 'వేయిపడగలు' నవలను 29 రోజులలో ఆశువుగా చెప్పారన్నది మన ప్రాంతంలో అందరూ చెప్పుకునే మాట. ఆ సంఖ్య విని కొత్తగా రాసేవారు బెదిరిపోతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం ఆ నవల రూపొందిన 1934 నాటికి ఆయనకు నలభై ఏళ్లు కావస్తున్నాయి. ఆ పల్లెను, ఆ మనుషులను, ఆ సంప్రదాయాన్ని అన్నేళ్లూ మనసులో మోసినవారు ఆయన. అందులో మరొక సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఆయన చెబుతుంటే రాసినవారు ఆయన తమ్ముడు వెంకటేశ్వర్లు గారు. అంటే, తరువాతి మాట కోసం కలం పట్టుకుని ఎదురుచూసే మనిషి ఒకరు ఎదుటే ఉన్నారు. వారపత్రికలలో ధారావాహికలు రాసిన మన రచయితలకు కూడా అటువంటి ఎదురుచూపే అండగా ఉండేది; వారం తిరిగేసరికి భాగం అందకపోతే పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చేవి.

మనకు వారపత్రిక లేకపోయినా, వినే మనిషి ఒక్కరు చాలు. నేను ఆదివారం మధ్యాహ్నాలు మా మేనత్తకు ఆ వారం రాసిన పేజీలు చదివి వినిపిస్తాను. ఆమె శైలి గురించి ఏమీ అనదు. ఒక వారం నేను చదవకుండా తప్పించుకోవాలని చూస్తే, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తల ఎత్తకుండానే, "ఏరా, ఆ పిల్ల తాకట్టు పెట్టిన గొలుసు విడిపించుకుందా, లేదా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేక ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాశాను. అయితే ఇంకా రాయని భాగాన్ని ఆమెకు ఎప్పుడూ నోటితో చెప్పను. కథ నోటితో చెప్పేస్తే చెప్పిన తృప్తి అప్పుడే కలుగుతుంది, కాగితం మీద పెట్టాలన్న తహతహ చల్లబడిపోతుంది.

రోజుకు ఎంత రాయాలని చాలామంది అడుగుతారు. మూడు వందల మాటలు చాలు. ఆ లెక్కన అరవై వేల మాటల నవలకు 200 రోజులు పడతాయి. పండుగలు, జ్వరాలు, పెళ్లిళ్లు పోయినా ఏడాదిలో మొదటి ప్రతి చేతికి వస్తుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నాలు కలం పట్టుకోవడం కష్టం కనుక, ఆ కాలంలో తెల్లవారుజామున ఒక గంట కేటాయించుకోవడం మేలు. తగిన గది, తగిన తీరిక కుదిరాక రాద్దామని ఆగినవారికి గుంటూరులోనే జవాబు ఉంది: ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి'ని జైలులో రాశారు.

ఇవన్నీ పాటించినా ఎప్పుడో ఒకప్పుడు నెల రోజుల విరామం వచ్చే తీరుతుంది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగుండదు, ఉద్యోగంలో పని పెరుగుతుంది. తిరిగి వచ్చినప్పుడు నవలను మొదటి నుంచి చదవకండి. చదివితే దిద్దాలనిపిస్తుంది, దిద్దితే మళ్లీ అక్కడే చిక్కుకుంటారు. చివరి పది పేజీలు మాత్రం చదివి, ముఖ్య పాత్ర ఈ క్షణాన ఏం కోరుకుంటోందో, దానికి ఎవరు అడ్డు వస్తున్నారో ఒక చీటీ మీద రెండు వాక్యాలలో రాసుకోండి. ఆ చీటీని నోటు పుస్తకంలో ఖాళీ పేజీకి గుచ్చి, దాని కిందే రాయడం మొదలుపెట్టండి.

[తెరపై: నోటు పుస్తకంలో ఖాళీ పేజీ, గుండుసూదితో గుచ్చిన చీటీ. దాని కింద కలం కదులుతుంది.]