మోకాళ్ళు లేని ఏనుగు

అందరికీ నమస్కారం.

స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1200 ప్రాంతంలో ఇంగ్లండులో తయారైన జంతువుల పుస్తకం ఒకటుంది. తోలు పుటలు, బంగారు రేకు అద్దిన బొమ్మలు. అప్పటి ఇలాంటి పుస్తకాల్లో ఏనుగు గురించి ఒక కథ చెబుతారు. దానికి మోకాళ్ళు వంగవట. పడితే లేవలేదు కాబట్టి చెట్టుకి ఆనుకుని నిద్రపోతుందట. వేటగాడు ముందే వచ్చి ఆ చెట్టుని సగం కోసి పోతాడట!

గుడి ఏనుగు తొండానికి అరటిపండు అందించి పెరిగినవాళ్ళం మనం. కానీ ఆ బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది ఏనుగుని చూడనే లేదు. చదివిన మాట, పాత పుస్తకంలో బొమ్మ, అంతే ఆధారం. అందుకే కాళ్ళు స్తంభాల్లా, తొండం బూరలా వచ్చాయి. 1255లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి నిజం ఏనుగునే పంపాడు. మాథ్యూ పారిస్ అనే సన్యాసి దాన్ని చూసి గీశాడు. ఎత్తు తెలియాలని పక్కన మావటిని కూడా నిలబెట్టాడు.

చూసి గీస్తే అంతా సరిపోతుందా? అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌లో విలార్ ద ఒన్నెకూర్ అనే చిత్రకారుడు ఒక సింహాన్ని గీసి, ప్రాణంతో ఉన్నదాన్ని చూసే వేశానని పక్కన రాసుకున్నాడు. ఆ సింహం మొహం గుండ్రంగా, ఎదురుగా మననే చూస్తూ ఉంటుంది. జూలు వరసగా చుట్టిన ఉంగరాలు. కన్ను చూసింది సింహాన్నే, చెయ్యి మాత్రం తనకి అలవాటైన గీతనే గీసింది. నాకు ఆ బొమ్మంటే ప్రాణం.

మొదట్లో నేను ఆ ఉంగరాల జూలునీ, ఆ కళ్ళనీ ఉన్నదున్నట్టు దించుకున్నాను. ఏడాది పోయాక చూసుకుంటే అందులో నాది ఒక్క గీతా లేదు. అప్పుడు ఆ పాత చిత్రకారుల బొమ్మని వదిలి, చూసినదాన్ని తమ గీతలో వేసే వాళ్ళ పద్ధతిని పట్టుకున్నాను. పొద్దున మా వీధిలో గేదెని చూడటం, పెన్సిలు ముట్టకుండా ఇంటికి రావడం, మర్నాడు గుర్తున్నంతే గీయడం. నాకు గుర్తున్నవి మూడే: వెనక్కి తిరిగిన కొమ్ములు, పొడుచుకొచ్చిన తుంటి ఎముక, ఈగల్ని తోలే తోక. మిగతా ఒళ్ళంతా ఒకే గీతలో వచ్చేసింది. అది ఎవరిదీ కాదు, నాదే.

సిరా సంగతి కూడా చెప్పాలి. వాళ్ళు ఓక్ చెట్టు మీద పురుగు వల్ల పుట్టే వగరు కాయల్ని అన్నభేది అనే ఇనుప లవణంతో కలిపి నల్ల సిరా చేసుకునేవారు. మన శ్రీకాళహస్తిలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీస్తారు. రెండు చోట్లా ఆ నలుపు వచ్చేది వగరూ ఇనుమూ కలిస్తేనే. నేనిప్పుడు కసిమితోనే, వెదురు కలంతో గీస్తున్నాను. ఒకసారి పడిన గీత చెరగదు కాబట్టి చెయ్యి ఆచితూచి కదులుతుంది.

మీ ముందున్న కాగితాలు అప్పుడే తీయకండి. బయట వేపచెట్టు కింద మేక కట్టి ఉంది. పది నిమిషాలు దాన్ని చూసి రండి. పెన్సిళ్ళు ఇక్కడే ఉండనివ్వండి.