ఆఫీస్ అవుటింగ్‌కి ఈ పార్టీ స్పీకర్ కొనొచ్చా? బేస్ సూపర్, మైకే చిరాకు!

హలో అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రాలీ స్పీకర్ కంపెనీవాళ్లే పంపారు. డబ్బులివ్వలేదు, స్పీకర్ వెనక్కీ అడగలేదు. ఎండాకాలంలో వచ్చింది, రివ్యూ ఏమో దసరా దాటాక వస్తోంది. "ఎప్పుడండీ" అని వాళ్లు మెయిల్స్ పెడుతూనే ఉన్నారు. నాకేమో దీన్ని ఇంట్లో కాదు, ఆఫీసు జనం మధ్యలో వాడి చూడాలని. పేరు, ధర స్క్రీన్ మీద ఉన్నాయి. వాట్లు, డ్రైవర్ సైజులు ఈపాటికి వేరే ఛానెళ్లలో చూసేసే ఉంటారు, మళ్లీ నేను చదవను.

బేస్ బాగుంది. మొయినాబాద్ వైపు ఒక రిసార్ట్‌లో లాన్ మీద పెడితే పూల్‌లో ఉన్నవాళ్లకి కూడా దరువు తగిలింది. రాత్రి బస ఉన్న అవుటింగ్ అయితే మాత్రం 10 గంటలకి ఆరుబయట కట్టేయాల్సిందే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు బంద్. ఇంకొకటి, ఇది ఐపీఎక్స్4. అంటే నీళ్లు చిందితే పర్లేదు. రెయిన్ డాన్స్ షవర్ కింద పెడతానంటే మీ ఇష్టం.

ఇక మైకు. ఆఫీస్ అవుటింగ్‌లో పాటలకన్నా మైకుకే పని ఎక్కువ. బస్సు దిగగానే హెచ్ఆర్ మేడమ్ రూల్స్ చెప్పాలి. మేనేజర్ గారు "రెండే రెండు నిమిషాలు" అంటూ మొదలుపెట్టాలి. భోజనాలయ్యాక తంబోలా. బయట 40 డిగ్రీలు, కడుపులో బిర్యానీ. ఆ టైమ్‌లో జనాన్ని కునుకు తీయకుండా కూర్చోబెట్టేది అదొక్కటే.

దీంట్లో మైక్ ప్రయారిటీ అని ఒక ఫీచర్ ఉంది. మనం మాట్లాడగానే పాట దానంతటదే తగ్గుతుంది, ఆపగానే మళ్లీ లేస్తుంది. నంబరుకీ నంబరుకీ మధ్య పాట నడుస్తూనే ఉంటుంది, ఫోన్ పట్టుకుని పాజ్ నొక్కే మనిషి అక్కర్లేదు. ఇది కనిపెట్టినవాళ్లకి దండం పెట్టొచ్చు. అదే చేత్తో ఎకో పెట్టారు చూడండి, అక్కడ మండింది.

ఆన్ చేసిన ప్రతిసారీ ఎకో సగం మీద ఉంటుంది. బటన్ నొక్కి నొక్కి సున్నా చేస్తాం. కాసేపు వాడకపోతే మైకు తనంతట తానే ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఎకో మళ్లీ సగానికి! తంబోలాలో 1 నుంచి 90 దాకా నంబర్లు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోకూడదనే కదా "వన్ ఫైవ్, ఫిఫ్టీన్" అని విడదీసి పిలుస్తాం. ఈ మైకులో "వన్ ఫైవ్" వెనకాలే ఇంకో "ఫైవ్" తగులుకుంటుంది. టెస్టింగ్ టీమ్ కుర్రాడొకడు 55 కొట్టేసుకుని "టాప్ లైన్" అని లేచాడు. చెక్ చేస్తే బోగీ, అంటే తప్పు క్లెయిమ్. టెస్టింగ్‌లో పనిచేసేవాడు ఊరుకుంటాడా? మైకులో బగ్ ఉందని అక్కడికక్కడే నిరూపించాడు. గిఫ్ట్ కార్డు 500 రూపాయలదే, పంచాయితీ మాత్రం బస్సెక్కేదాకా నడిచింది.

మా ఊరి గుడిలో ఆహుజా యాంప్లిఫైయర్ ఉండేది. పూజారి గారు రాత్రి నాబ్ ఎక్కడ తిప్పి వదిలితే, పొద్దున సుప్రభాతానికీ అక్కడే ఉండేది. ఇన్ని రంగుల లైట్లు పెట్టిన స్పీకర్‌కి ఆ మాత్రం గుర్తుండకపోతే ఎలా అండీ?

సరే, తంబోలా అంటే ఆట, నవ్వుకుని వదిలేశాం. నాకు నిజంగా ఒళ్లు మండింది బతుకమ్మ రోజు. పండుగ తొమ్మిది రోజులున్నా ఆఫీసులో మాకు దొరికేది ఒక్క సాయంత్రం. తంగేడు, గునుగు, బంతి పేర్చి, క్యాబ్‌లో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చారు. డీజే పాటలు అయ్యాక అకౌంట్స్‌లో పనిచేసే వరంగల్ ఆవిడ మైకు తీసుకుని పాట అందుకున్నారు. ఆవిడ ఒక వరస అంటే చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని చప్పట్టు కొట్టి, ఓ అడుగు పక్కకి వేస్తారు. ఆ చప్పట్టు పడాల్సిన చోట ఎకో వచ్చి పడింది. వంత పాడేవాళ్లు ఆవిడ గొంతు వినాలా, దాని వెనక వచ్చేది వినాలా? రెండో చుట్టుకే అడుగులు కలవలేదు. ఆవిడ మైకు నా చేతిలో పెట్టేసి, ఉత్త గొంతుతోనే ఎత్తుకున్నారు. లాబీ అంతా వినిపించింది.

ఒక చిట్కా ఉంది. వెనకాల గిటార్ జాక్‌లో వైరు మైకు పెడితే ఎకో రాదు. సౌండ్ కాస్త తగ్గుతుంది, మైక్ ప్రయారిటీ కూడా పనిచేయదు. అంటే నాకు నచ్చిన ఆ ఒక్క ఫీచరూ పోయినట్టే.

పాటలు, డాన్సులే మీ పని అయితే కొనుక్కోండి, ఈ ధరకి ఈ సౌండ్ మంచి బేరం. ఆఫీసు కోసమైతే వద్దు. మా అడ్మిన్ వాళ్లు ఇంకోటి కొందామా అని అడిగితే వద్దనే చెప్పాను. ఎకో సెట్టింగ్ గుర్తుపెట్టుకునేలా అప్‌డేట్ ఇవ్వమని కంపెనీకి రాశాను. వస్తే కింద పిన్ చేసిన కామెంట్‌లో పెడతా. డిసెంబర్‌లో సీక్రెట్ శాంటా పేర్లు పిలవడానికైతే స్టోర్ రూమ్‌లో ఉన్న పాత వైరు మైకునే తీస్తున్నాం.