క్యాలెండర్ వెనక రాసిన ఆప్షన్లు

(కావలిలో కంప్యూటర్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఒంగోలు నుంచి వస్తూ ఉలవపాడు దగ్గర మామిడిపళ్ల కోసం కారు ఆపించాను. ఆలస్యానికి కారణం అదే, ట్రాఫిక్ కాదు. మన్నించండి.

సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను సిద్ధంగా ఉన్న ప్యాకేజీల నుంచి ఎక్కించుకోవాలా, సోర్సు, అంటే ప్రోగ్రాము మూల పాఠం, తెచ్చి మనమే కంపైల్ చేసి యంత్రం నడిపే రూపంలోకి మార్చుకోవాలా అన్నది నాకిచ్చిన అంశం. ప్యాకేజీ అని ఒక్క మాట చెప్పి కూర్చోవచ్చు. కానీ నేను ఏళ్ల తరబడి రెండో పక్షంలో ఉన్నవాడిని, ప్యాకేజీలు వాడేవాళ్లను చూసి నవ్వినవాడిని. కాబట్టి కాస్త వివరంగానే ఒప్పుకోవాలి.

అప్పట్లో ఒకచోట సర్వర్లు చూసేవాడిని. పేరెందుకు లెండి, తప్పు నాది. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. సోర్సు నుంచి కట్టే ఈ మూడు ఆదేశాలూ కొట్టి, తెర మీద అక్షరాలు పరుగెత్తుతుంటే చేతులు కట్టుకుని చూడటంలో ఒక దర్జా ఉండేది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో, సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీని కలిపేసి ఒకే ముద్దగా కట్టాను. ఏవేవి కలపాలో చెబుతూ ఇచ్చిన ఆప్షన్లన్నీ గోడ క్యాలెండర్ వెనక పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న లోపమది. అడిగిన ప్రతిసారీ సర్వర్ తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా ఎవరికైనా ధారపోసేది. ప్యాకేజీలవాళ్లు అప్‌డేట్ చేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టి భోజనానికి వెళ్లారు. నేనూ అంతే చేసి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చి పరీక్షిస్తే లోపం అక్కడే ఉంది! ఎందుకో చెప్పండి. వెనక వరుస, మీరే... అవును. సిస్టమ్‌లోని లైబ్రరీ మారింది, నా ముద్దలో కలిసిపోయిన పాతది మారలేదు. క్యాలెండర్ తిప్పి చూసుకుంటూ మళ్లీ కట్టాను.

తర్వాత ఉద్యోగం మారాను. ఒకరోజు నా స్థానంలో చేరిన కుర్రాడి ఫోను. "సార్, ఇది ఏ ఆప్షన్లతో కట్టారు?" క్యాలెండర్ వెనక చూడమన్నాను. "సంక్రాంతికి సున్నాలు వేయించారు సార్, గోడ మీద ఏమీ లేవు."

ఆప్షన్లయితే దొరికాయి. ఇంజిన్‌ఎక్స్ ఆదేశం పక్కన అడ్డగీత, పెద్ద వి (-V) కొడితే అన్నీ చూపిస్తుంది. కానీ అందులో ఒక అదనపు మాడ్యూల్ సోర్సు ఉన్న దారి నా హోమ్ డైరెక్టరీకి, అంటే నా ఖాతా సొంత ఫోల్డరుకు, వెళ్తోంది. నేను మానేయగానే ఆ ఖాతా తీసేశారు. అది ఏ వెర్షనో నాకూ గుర్తు లేదు. ఆ అబ్బాయి రెండు రాత్రులు నిద్రపోలేదు.

ప్యాకేజీలో లేని ఆప్షన్ నిజంగా కావాలంటే? ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సోర్సు నుంచి కట్టే ఏర్పాటు, పోర్ట్స్, చూడండి. అక్కడా కంపైల్ అయ్యేది మన యంత్రంలోనే. అయితే సోర్సు ఫైలు సరైనదో కాదో చెక్‌సమ్ అనే గుర్తింపు సంఖ్యతో సరిచూస్తారు, ఎంచుకున్న ఆప్షన్లు దాచిపెడతారు, ఎక్కించినది ప్యాకేజీల పట్టికలో నమోదవుతుంది. కాబట్టి తీసేయడమూ సులువే. ఒక్క జాగ్రత్త: మామూలుగా ప్యాకేజీలు మూడు నెలలకోసారి విడదీసే శాఖ (పోర్ట్స్ సేకరణకు ఒక స్థిర ప్రతి) నుంచి వస్తాయి. పోర్ట్స్‌ను సరికొత్త శాఖ నుంచి తెచ్చి వాటితో కలిపితే లైబ్రరీలు పోట్లాడుకుంటాయి. రెండూ ఒకే శాఖవి కావాలి.

ఆ ప్రొజెక్టర్ వెలిగించండి బాబూ. మీ కళాశాల సర్వర్లో పెద్ద వి కొట్టి చూద్దాం. దాన్ని కట్టినవారు ఈ హాల్లో ఉంటే ముందే చెయ్యెత్తండి.